చప్పుడు చెయ్యని మనిషి

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే పిల్ల చూపులేని మనిషికి పరీక్ష రాసిపెట్టడానికి బయల్దేరిందంటే విన్నవాళ్ళు నవ్వరా మరి? అందరికంటే ముందు నవ్వింది ఆ చూపులేనావిడే. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు ఆవిడ. పిల్ల ఉండే ఇంటికి పక్కవాటా. "మీ దుకాణానికి నేను ఎందుకూ కొరగాని బేరం చెల్లీ, అయినా నువ్వే దొరికావు నాకు" అంది.

రాసిపెట్టే మనిషికి సాహిత్యం తెలిసి ఉండకూడదని నిబంధన. ఆ లెక్కన మన పిల్లకి సాటి వచ్చేవాళ్ళు లేరు. బడి మానేశాక ఆమె చదివినవల్లా అద్దాల నంబర్లే. దస్తూరీ మాత్రం ముత్యాల కోవ.

ఆపరేటరుకి ఇది ఆఖరి అవకాశం. మిగతా పేపర్లన్నీ గట్టెక్కింది, ఈ తులనాత్మక వ్యాసమే వెళ్ళినప్పుడల్లా తన్నేస్తోంది. ఈసారీ పోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగమూ లేదు. బతుకంతా "ఏ వార్డు కావాలండీ" అంటూ తెల్లారిపోవాల్సిందే.

"పోల్చమంటే నేను కథలు చెప్పేస్తాను చెల్లీ" అంది దారిలో. "ముందు ఈ కవిత కథ, తర్వాత ఆ కవిత కథ. రెంటినీ పక్కపక్కన కూర్చోబెడతాను గానీ మాట్లాడించను."

పోల్చడమంటే పిల్లకి తెలిసింది ఒక్కటే. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ముందుదా, ఇప్పటిదా, ఏది బాగుంది?" అని అడగడం. ఒకటి నెగ్గుతుంది, రెండోది డబ్బాలోకి పోతుంది. కవితల్నీ అలాగే చేస్తారు కాబోలనుకుంది.

పరీక్షకి వాళ్ళకిచ్చింది పాత పటాలు దాచే గది. చుట్టచుట్టిన దేశాలన్నీ గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాయి. బయట సన్నగా వాన. పర్యవేక్షకుడు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, "ప్రశ్న చదవాలి, ఆవిడ చెప్పింది రాయాలి, అడిగితే తిరిగి చదవాలి. అంతకుమించి ఒక్క మాట నోట వచ్చిందా, పేపరు రద్దు" అన్నాడు. ఆయనవి పాముచెవులని చూడగానే తెలిసిపోయింది.

రెండు కవితలు. మొదటిదాంట్లో ఏళ్ళ తరబడి తిరిగినవాడు సొంత ఇంటికొచ్చి, తలుపు ముందు నిలబడిపోతాడు. తట్టడు. రెండోదాంట్లో ఒకావిడ ఇంట్లో కూర్చుని వీధిలో అడుగులు వింటుంది, ప్రతి అడుగుకీ 'ఇది కాదు' అనుకుంటుంది. రాసినవాళ్ళు వేరు, కాలాలు వేరు. ఎడబాటును చెప్పిన తీరును పోల్చమని ప్రశ్న.

చదువుతూ చదువుతూ పిల్ల ఎక్కడికో వెళ్ళిపోయింది. రెండు ఇళ్ళూ మెల్లగా జరిగి జరిగి ఒకే ఇల్లయ్యాయి. అదే తలుపు. అతను బయట, ఆవిడ లోపల. పటాల వెనక గోడ పలచబడి, దాని అవతల ఎవరో ఊపిరి తీస్తున్నట్టనిపించింది.

ఆపరేటరు మొదలుపెట్టింది. "రెండు కవితలూ రాకపోవడం గురించే. మొదటిదాంట్లో మనిషి వచ్చి కూడా రాలేదు. రెండోదాంట్లో రాకుండానే రోజూ వస్తున్నాడు."

అబ్బ, ఎంత బాగా చెప్పింది! పిల్ల కలం పరుగెత్తింది. తీరా మూడో పేరాకొచ్చేసరికి పాత గుణం తలెత్తింది. అతను బండి దిగాడు, సందు తిరిగాడు, సంచీ కింద పెట్టాడు... కథ! 'ఒకటే తలుపక్కా, ఒకటే తలుపు' అనే మాట పిల్ల గొంతు దాకా వచ్చి ఆగింది.

ఆపరేటరు కూడా ఆగింది. "దారి తప్పాను. కవితలు మళ్ళీ చదువు చెల్లీ, మొదట్నుంచీ."

హలో అన్న గొంతులో జ్వరం పట్టగల మనిషి ఆవిడ. 'తలుపు' అన్న మాట దగ్గర పిల్ల రవ్వంత ఆగితే చాలు, అందుకుంటుంది. ఏ పాముచెవులకీ చిక్కదు. కానీ అప్పుడు పాసయ్యేది ఎవరు? పిల్లకి ఏడుపొచ్చినంత పనయింది. చివరికి పళ్ళ బిగువున, బిల్లు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా చదివేసింది.

వాన వెలిసినట్టుంది. ఆపరేటరు మొహం పిల్ల వైపు తిరిగింది. తర్వాత నిద్రలో మాట్లాడుతున్నట్టు, "ఆ పేరా కొట్టెయ్. ఇది రాసుకో" అంది.

"అతను పోల్చుకునేది కళ్ళతో. గుమ్మాన్ని, గొళ్ళేన్ని, కిటికీలో దీపాన్ని పోల్చుకున్నాడు. ఆమె పోల్చుకునేది చెవులతో. అతను కదలకుండా నిలబడ్డాడు, కదిలితే గానీ ఆమెకి తెలీదు. రెండు కవితలూ కలిపి చదివితే ఎడబాటంటే దూరం కాదు, వెయ్యని అడుగు. ఆ అడుగు పడి ఉంటే ఆమె పోల్చుకునేది."

పిల్లకి తలుపు తట్టింది గానీ ఈ మాట తట్టనే లేదు. ఒక్క అక్షరం పోకుండా రాసింది.

ఆపరేటరు పాసయింది. ఆ ముక్క ఇప్పుడే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు దానికోసం చూస్తూ అసలు సంగతి వినరు. గది బయట మెట్ల మీదికి రాగానే పిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ అడుగు సంగతి నీకెలా తట్టిందక్కా?"

"నీ గొంతు వినే. రోజూ గలగల్లాడేది అలా చచ్చిపోయిందేంటా అనుకున్నా. దీనికేదో తెలుసు, చెప్పకుండా ఉగ్గబట్టుకుని నిలబడింది అనిపించింది. అప్పుడు కనబడ్డాడు వాడు, తలుపవతల."

పిల్ల మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "అయితే నేను చెప్పేసినట్టేనా? రద్దు చేసేస్తారా?"

"పిచ్చిమొహమా, నువ్వెక్కడ చెప్పావు? చెప్పకుండా ఉండటానికి నువ్వెంత అవస్థ పడ్డావో అది వినబడింది నాకు. నాకోసం ఇంతవరకు ఎవరూ అంత నోరు మూసుకోలేదు."

పిల్ల ఆ మెట్ల మీదే కూలబడి, పొద్దుట్నుంచీ మింగిన మాటలన్నీ ఒక్కసారిగా చెప్పడం మొదలుపెట్టింది.