లోతు మీద బెంగ

ఇందిరా నగర్ ఇంట్లో తల దువ్వుకుంటుండగా కీర్తికకు ఛాతీ కుడిపక్క కత్తి దిగినట్టయింది. దువ్వెన జారిపడిన చప్పుడుకు వంటింట్లోంచి అవ్వ అన్నమ్మాళ్ పరుగున వచ్చింది.

"ఏందే పాపా, యాడ నొప్పి?"

జవాబు చెప్పడానికి గాలి చాల్లేదు.

ఊపిరితిత్తి మీదున్న గాలిపొక్కు పగిలిందన్నారు ఆస్పత్రిలో. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టినా గాలి కారడం ఆగలేదు. చివరికి డాక్టర్ కళైసెల్వి చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, పొక్కులున్న ముక్కను కోసేసి, ఊపిరితిత్తి మళ్లీ ముడుచుకోకుండా ఛాతీ గోడకు అంటుకునేలా చేసింది.

"క్యాన్సర్ గీన్సర్ కాదు గదా తల్లీ?" అంది అవ్వ.

"కాదు అవ్వా. భయపడాల్సిందేమీ లేదు."

కీర్తిక అడగాల్సింది వేరే ఉంది. ఊరు చూడవచ్చినవాళ్లను సముద్రం అడుగుకు తీసుకెళ్లడం ఆమె పని. "మళ్లీ ఎప్పుడు దిగొచ్చు డాక్టర్?"

కళైసెల్వి మంచం పక్కన కూర్చుంది. "గాయం మానాక ఈదు, పరిగెత్తు. సిలిండర్ కట్టుకుని లోతుకు మాత్రం వద్దమ్మా. ఎప్పటికీ. అక్కడ ఇంకో పొక్కు పగిలితే, పైకొచ్చేలోపు ఆ గాలే ఉబ్బి ప్రాణం తీస్తుంది."

ఇంటికొచ్చాక ఊపిరి హాయిగానే ఆడింది. మనసే ఆడలేదు. కళ్లు మూసుకుంటే చాలు, చెవుల మీద నీటి బరువు, మాటలు అక్కర్లేని ఆ ఆకుపచ్చ మసక. బజారు రొద మధ్య నడుస్తూ కూడా దానికోసమే అంగలార్చేది.

గాయాలు మానాక, ఆమెతో కలిసి పనిచేసే విమల్ వచ్చాడు. "పడవలో ఊరికే కూచో అక్కా, రా."

"ఆ సముద్రం పేరెత్తొద్దురా!" అంది అవ్వ. కీర్తిక అప్పటికే చెప్పులేసుకుంది.

విమల్ ఇద్దరు కొత్తవాళ్లతో నీళ్లలోకి దిగాడు. ఆమె కళ్లద్దం పెట్టుకుని, నోట గొట్టం కరిచి, పైనే బోర్లా తేలింది. వాళ్ల కాళ్లకున్న పసుపు ఈత రెక్కలు మసకలో మాయమయ్యాయి. కాసేపటికి వాళ్ల ఊపిర్లు బుడగలై వచ్చి ఆమె అరచేతుల్లో పగలసాగాయి. ఒక్కసారి గుండెల నిండా గాలి పీల్చి, కిందికి మునగబోతూ నడుము వంచింది. అంతే, ఆగిపోయింది. కళ్లద్దం లోపల కన్నీళ్లు నిండాయి.

పైకొచ్చిన విమల్ ఆమె మొహం చూశాడు. "ఈరోజు నీళ్లంతా కలకబారినాయి అక్కా. ఏమీ కనబళ్లా."

అతని కళ్లు మెరుస్తూనే ఉన్నాయి.

"అబద్ధమాడొద్దురా. ఏమేం చూసినావో ఒక్కటీ వదలకుండా చెప్పు."

అతను చెప్పాడు. పడవ వైతికుప్పం ఒడ్డు తగిలేదాకా ఆమె వింటూనే ఉంది.