నీలం సర్దిన వర్లిన్

సంచి జిప్పు లాగి చూశాడు వర్లిన్. లోపల పన్నెండు జెర్సీలు. పన్నెండూ నీలమే.

కాన్ఫరెన్స్ టోర్నమెంటులో, ఆ ఏడు ఆటల్లో పై స్థానం వచ్చిన జట్టు తెల్లవి తొడుక్కోవాలి, కింది జట్టు రంగువి. ఎల్మ్‌ఫోర్క్ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి పంతొమ్మిదేళ్లుగా బట్టలు ఉతికి, మడిచి, సర్దేది వర్లినే. ఎనిమిది జట్లలో ఎప్పుడూ ఏడో స్థానమో ఎనిమిదో స్థానమో. ప్రతి మార్చిలోనూ నీలం సర్దడం, మొదటి ఆటలోనే ఓడి బస్సెక్కడం. ఈ ఏడు రెండో స్థానం వచ్చింది. ఊరంతా పండగ చేసుకుంది. వర్లినూ చేసుకున్నాడు. కానీ నిన్న సాయంత్రం సర్దుతుంటే చేతులు మాత్రం వాటి పాత దారినే పోయాయి.

ఆట ఒంటిగంటకి. అప్పటికే పదకొండున్నర అయింది. తెల్లవి కాలేజీ బీరువాలో ఉన్నాయి, మూడు గంటల దూరంలో.

వెళ్లి కోచ్ రెనాటా ముందు నిలబడ్డాడు. మామూలుగానే మాట తక్కువ మనిషి.

"ఏంటి వర్లిన్ గారూ, మొహం అలా ఉంది?"

"నీలం తెచ్చాను కోచమ్మా."

ఆమెకి అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. తల పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అవతలి జట్టు స్టాన్‌విక్. వాళ్లదీ నీలమే, వాళ్లు తెచ్చుకున్నదీ అదొక్కటే.

"పొద్దున ప్రాక్టీసు చేసినవి ఉన్నాయి. ఒకవైపు నీలం, రెండోవైపు తెలుపు," అన్నాడు వర్లిన్.

"చెమటతో తడిసి ముద్దయ్యాయిగా అవి! వాటి మీది అంకెలు కూడా వేరు."

రిఫరీని అడిగారు. వాటితో ఆడొచ్చన్నాడు. కానీ స్కోరు పుస్తకంలో రాసిచ్చిన అంకెలు మార్చినందుకు, ఆట మొదలవకముందే స్టాన్‌విక్‌కి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా ఒక్కో పాయింటుకి వేసే బంతులు, ఇస్తానన్నాడు.

"ఇవాళ ఓడితే అది నా వల్లే. బీరువా తాళాలు మీ చేతిలో పెట్టేసి వెళ్లిపోతాను," అన్నాడు వర్లిన్.

"ముందు వెళ్లి వాటిని ఆరబెట్టండి."

స్నానాల గదిలో చేతులు ఆరబెట్టుకునే మిషన్ కింద ఒక్కో బనియనూ పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. పన్నెండింటిలో నాలుగే సరిగ్గా ఆరాయి. నిలబడ్డంతసేపూ చివరి ఏడాది చదువుతున్న నలుగురు పిల్లలే గుర్తొచ్చారు. వాళ్లకి ఇదే ఆఖరి టోర్నమెంటు, వచ్చే మార్చి లేదు.

కెప్టెన్ టెస్ తనది తొడుక్కుంటూ ఒళ్లు జలదరించి అరిచింది. "తాతా! చేపల బుట్టలో దూరినట్టుంది!"

"మంచిదేగా," అంది పొడుగు పిల్ల నోరీన్. "ఈ కంపుకి నా దరిదాపుల్లోకి ఒక్కతీ రాదు. తాతకి ఎంత ముందుచూపో!"

అందరూ నవ్వారు. వర్లిన్‌కి నవ్వు రాలేదు.

రెండు ఫ్రీ త్రోలూ పడ్డాయి. బంతి ఇంకా పైకి ఎగరకముందే స్టాన్‌విక్ రెండు, ఎల్మ్‌ఫోర్క్ సున్నా. బెంచీ చివర వర్లిన్ తువ్వాలు పిండుతూ కూర్చున్నాడు.

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. స్టాన్‌విక్ పిల్లలు వారం రోజులుగా ఎల్మ్‌ఫోర్క్ వాళ్లని అంకెలతోనే బట్టీపట్టి వచ్చారు. టెస్ అంటే ఇరవైనాలుగు, నోరీన్ అంటే ముప్పైరెండు. ఇవాళ టెస్ వీపు మీద మూడు ఉంది, నోరీన్ వీపు మీద పదకొండు.

"ఇరవైనాలుగు! ఇరవైనాలుగుని వదలొద్దు!" అని వాళ్ల కోచ్ గొంతు చించుకుంటోంది.

"ఎక్కడ కోచ్? కనపడట్లేదు!"

వాళ్లు వెతుక్కునేలోపు టెస్ దూరం నుంచి బుట్టలో వేసింది. మూడు. ఇంకోటి, మళ్లీ మూడు పాయింట్లు. నాలుగు నిమిషాల్లో ఎల్మ్‌ఫోర్క్ పద్నాలుగు, స్టాన్‌విక్ నాలుగు. స్టాన్‌విక్ కోచ్ టైమౌట్ అడిగి, ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించి మరీ పంపింది.

ఆ తర్వాత వాళ్లు తెలివిగా ఆడారు. మెల్లగా అంతరం తగ్గించారు. రెండో సగంలో ఇంకొక్క నిమిషం ఉందనగా అరవై ఒకటి, అరవై ఒకటి.

ఆ రెండు ఫ్రీ త్రోలే లేకపోతే మనం రెండు ముందుండేవాళ్లం అనుకున్నాడు వర్లిన్. ఆ లెక్క ఎంత తోసినా పక్కకి పోలేదు. తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకుందామనుకుని, మళ్లీ దించాడు. చేసిన తప్పు కళ్లారా చూడాల్సిందే అనిపించింది.

టెస్ బంతి పట్టుకోగానే ఇద్దరు మీద పడ్డారు. వేస్తుందని హాలంతా అనుకుంది. ఆమె వెయ్యలేదు. ఇద్దరి మధ్య నుంచి నేలకి కొట్టి నోరీన్‌కి పంపింది. నోరీన్ తిరిగింది, లేచింది, వేసింది. అరవై మూడు. స్టాన్‌విక్ గురి తప్పింది. ఆ బంతినీ నోరీనే అందుకుంది. వాళ్లు తోశారు, రిఫరీ ఫౌల్ అన్నాడు. రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడ్డాయి.

హారన్ మోగింది. అరవై ఐదు, అరవై ఒకటి. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఎల్మ్‌ఫోర్క్‌కి రెండో ఆట ఉంది.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గుట్టయ్యారు. వర్లిన్ మాత్రం బెంచీ మీదే కూర్చుని తువ్వాలు మడిచాడు. రెనాటా వచ్చి పక్కన కూర్చుంది.

"ఏవి వర్లిన్ గారూ, తాళాలు ఇస్తానన్నారుగా?"

"ఓడితేనన్నాను కోచమ్మా."

"అమ్మయ్య. రేపు పొద్దున ఈ కంపు నేను ఉతకలేను."

టెస్ పరుగున వచ్చి అతన్ని రెండు చేతులా లేపింది. ఇంకెవరో వెనకనుంచి నడుం పట్టుకున్నారు. చెమట చొక్కాల మధ్యలో ఇరుక్కుపోయి, ఊపిరాడక, అరవయ్యేడేళ్ల వర్లిన్ గట్టిగా కేకేశాడు. ఏం కేకేశాడో ఎవరికీ అర్థం కాలేదు. అతనికీ తెలియదు. జట్టంతా మాత్రం దాన్నే అందుకుని, బస్సు దాకా అరుచుకుంటూ నడిచింది.