తెర మూలన మా అమ్మాయి

మా షాపులో టీవీకి సౌండు పెట్టం. పెట్టినా నాకు తెలియదు. పుట్టుకతోనే నా చెవులు పనిచేయవు, మా ఆవిడవీ అంతే. పాత సోఫాలకు స్ప్రింగులు మార్చి కొత్త గుడ్డ వేయడం నా పని. సాయంత్రం వార్తల వేళకు చుట్టుపక్కల వినపడనివాళ్లందరూ మా షాపుకు చేరతారు. కూర్చోవడానికి సోఫాలకు లోటు లేదు. కాకపోతే ఒకదానికి చెయ్యి ఉండదు, ఇంకోదానికి కాలు ఉండదు.

నిజం చెప్పొద్దూ, మేం చూసేది వార్తలను కాదు, మా అమ్మాయిని. తెర కింద కుడిమూల ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో నల్లచొక్కా వేసుకుని నిలబడి, స్టూడియోలో అనే ప్రతి మాటా చేతులతో మాకు చెబుతుంది. మా ఇద్దరికీ పుట్టి, అన్నీ వినపడే పిల్ల. ఇన్ని ఛానళ్లలో అలాంటి డబ్బా ఉన్నది మేం చూసే ఈ ఒక్క చర్చా కార్యక్రమానికే. డబ్బా అగ్గిపెట్టెంతే, కానీ నాకు తెరంతా అదే. ఇది గర్వం కాదా అంటే, అవును, గర్వమే. దాచుకోవడానికి నేనేమీ దొంగతనం చేయలేదు.

మాలో ఎవరినీ అసలు పేరుతో పిలుచుకోం. మనిషిని చూడగానే కొట్టొచ్చినట్టు కనపడేదే సైగగా మారి పేరైపోతుంది. తాళంచెవులు చేసే నా మిత్రుడు తాళాలాయన. మా అమ్మాయి సొట్టబుగ్గ. ఆ చర్చ నడిపే పెద్దమనిషికి మేం పెట్టిన పేరు కోటుగుండీ. ఎవరి మాటైనా ఆపాలనుకున్నప్పుడు ఆయన చెయ్యి కోటుగుండీ మీదకు పోతుంది. మంత్రి మనిషి మాట్లాడినంతసేపూ ఆ గుండీ జోలికి పోడు. మిగతావాళ్లు నోరు తెరిస్తే చాలు, గుండీ గిర్రున తిరుగుతుంది. చెవులున్నవాళ్లకు ఇది కనపడదట. వాళ్లు వినడంలో తీరిక లేకుండా ఉంటారు కదా, పాపం.

అమ్మాయికి ఈ పని నేర్పింది నేనే. దాని చిన్నప్పుడు ఇంటి ఓనరు గుమ్మంలోకి వచ్చి నన్ను ఏదో అన్నాడు. మెడనరాలు ఉబ్బాయి, ఉమ్ము ఎగిరి నా చొక్కా మీద పడింది. ఏమంటున్నాడని అడిగితే పిల్ల, "ఆయనకు కొంచెం కోపంగా ఉంది నాన్నా" అని చేతులు తిప్పింది.

"ఆయనేమన్నాడో అదే చెప్పు. తగ్గించకు, నీ మాట కలపకు. ఆ తిట్టు నాది, నాకు అందాలి" అన్నాను.

ఏడుస్తూనే మొత్తం చెప్పింది. ఆ తర్వాత నా జవాబు కూడా ఒక్క ముక్క వదలకుండా ఆయనకు వినిపించింది. చిన్నపిల్ల నోట రాకూడని మాటలు అందులో కొన్ని ఉన్నాయి. ఓనరు మొహం కందగడ్డయింది. ఆ ఇల్లు ఖాళీ చేశాంగానీ, ఆ సూత్రం మాత్రం మాతోనే ఉండిపోయింది.

ఇక అసలు సంగతి. మా దగ్గర పెద్దాస్పత్రిలో పిల్లల వార్డును ఊరి బయట కట్టే కొత్త భవనంలోకి మారుస్తామని మంత్రి ప్రకటించాడు. ఆ సాయంత్రం చర్చ దానిమీదే. మా భాషలో ఏం చెప్పాలన్నా గాలిలో చోటు కావాలి. ఆస్పత్రి అంటే ముందు దాన్ని ఒకచోట నిలబెట్టాలి. పిల్లలు వెళ్తారంటే ఎక్కడినుంచి ఎక్కడికో చూపించాలి. ఆరోజు అమ్మాయి చేతులు అవేవీ చూపించలేదు. ఎడమ పిడికిలి మంత్రి, కుడి పిడికిలి ప్రతిపక్షం. ఇది మంత్రికి దెబ్బా, ప్రతిపక్షానికి దెబ్బా, వచ్చే ఎన్నికల్లో ఎవరికి లాభం, ఎవరు ఎవరి నోరు మూయించారు. రెండు పిడికిళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉన్నాయి.

తాళాలాయన నావైపు తిరిగి, "బాక్సింగా?" అని అడిగాడు.

"కాదు, పిల్లల ఆస్పత్రి" అన్నాను.

స్టూడియోలో ఒక మూల ఆ వార్డులో పనిచేసే నర్సమ్మ కూర్చుని ఉంది. చివరలో ఆమెకు మాట దొరికింది. దొరికీ దొరకగానే అమ్మాయి పిడికిళ్లు విచ్చుకున్నాయి. గాలిలో ఆస్పత్రి లేచింది. మంచాలు వచ్చాయి, మంచాల మీద పసిపిల్లలు వచ్చారు. పాత వార్డును ముందే మూసేస్తారనేదాకా వచ్చిందో లేదో, కోటుగుండీ చెయ్యి గుండీ మీద పడింది. "ఇంతకీ మీరు ఏ పార్టీ మనిషి?" అని అడిగి, జవాబు వినకుండానే కెమెరావైపు తిరిగిపోయాడు. నర్సమ్మ మైకు కట్టేశారట. తెర మీద చిన్న గడిలో ఆమె పెదవులు మాత్రం ఆడుతున్నాయి.

మా అమ్మాయి చేతులు ఆగలేదు. స్టూడియోలో ఆమె ఎదురుగానే కూర్చుని మాట్లాడుతోంది, అమ్మాయికి వినపడుతోంది. కొత్త భవనం ఇంకా పునాదుల్లోనే ఉంది. పాత వార్డు మాత్రం వచ్చేనెలలో ఖాళీ చేయాలి. ఈ మధ్యలో ఊపిరాడని బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలో ఎవరూ చెప్పడం లేదు. ఇదంతా పూర్తయ్యేదాకా అమ్మాయి కళ్లు నర్సమ్మ మీదే ఉన్నాయి. అంతసేపూ కోటుగుండీ ఏమన్నాడో మాకు తెలియదు, ఎవరూ బాధపడలేదు.

మర్నాడు మా వీధిలో ఎన్నడూ లేని వింత జరిగింది. నర్సమ్మ ఏం చెప్పబోయిందని చెవులున్నవాళ్లు మమ్మల్ని అడగడం మొదలుపెట్టారు. టైలరు కాగితం కలం తెచ్చి నా ముందు పెట్టాడు. మందుల షాపావిడ కౌంటరు వదిలేసి వచ్చింది. తాళాలాయన అడిగినవాళ్లందరికీ రాసిచ్చి, ఒక తాళంచెవి తప్పు కోసి, ఆ పూటకు షట్టరు దించేశాడు. మధ్యాహ్నానికి ఆ మాట మంత్రి మనుషులదాకా పోయింది. అక్కడినుంచి ఛానలుకు ఫోనూ పోయింది.

ఇంటికి వచ్చి అమ్మాయి అంతా చెప్పింది. ఎడిటరు పిలిచి, తెర మీద వినపడనిది నువ్వెందుకు చెప్పావని నిలదీశాడట.

"స్టూడియోలో వినపడింది సార్" అందట ఇది.

"ప్రేక్షకులకు వినపడలేదు కదా."

"నా ప్రేక్షకులకు ఏదీ వినపడదు సార్."

నాకు నవ్వాగలేదు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. రేపటి చర్చ మొదట్లో సైగల భాషలో పొరపాటు జరిగిందని కోటుగుండీ ప్రకటిస్తాడట. ఆ ప్రకటనను అమ్మాయే మాకు చేతులతో చెప్పి, పొరపాటు తనదేనని ఒప్పుకోవాలి. లేకపోతే ఉద్యోగమూ ఉండదు, డబ్బా కూడా తీసేస్తారు.

రోజూ సాయంత్రం ఆ మూల చూడకుండా నేనేం చేయాలి? "ఒక్కమాటే కదా తల్లీ, అనేసి ఊరుకో" అన్నాను. నేనే అన్నాను.

మా ఆవిడ నన్ను తిట్టాలంటే ముందు చేతిలోని గిన్నె కింద పెట్టాలి. పెట్టింది. "తగ్గించకు, కలపకు అని దాని ప్రాణం తీసింది నువ్వే కదా. ఇప్పుడు టీవీలో బొమ్మ కోసం ఆ మాట మింగేస్తావా?" అంది. చేతులు తడిగా ఉన్నాయేమో, నా మొహం మీద నీళ్లు చిలికాయి. తుడుచుకున్నాను. అమ్మాయి మా ఇద్దరినీ చూసి, వెళ్లి పడుకుంది.

మర్నాడు షాపు కిటకిటలాడింది. చెవులున్నవాళ్లూ వచ్చారు. తెర మీద కోటుగుండీ పెదవులు కదిలాయి. అమ్మాయి చెప్పింది: "మొన్న సైగల భాషలో పొరపాటు జరిగింది, చింతిస్తున్నాం." ఆయన మాట ఒక్క ముక్క తగ్గించలేదు. తర్వాత చేతులు కిందికి దించింది, ఒక అడుగు పక్కకు వేసింది. వేలు తన గుండె మీద పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పేది నా మాట. పొరపాటు జరగలేదు. ఆమె చెప్పిందే మీకు చెప్పాను."

మళ్లీ తన పాత చోటికి అడుగు వేసి, చర్చలో పడిపోయింది. ఆయన మాటలో తన మాట కలపలేదు, పక్కన వేరుగా పెట్టింది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. నా కళ్లు అప్పటికే మసకబారాయి.

తమాషా ఏమిటంటే, ఆ ఛానల్లో మా భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఏమన్నదో ఎవరికీ తెలియలేదు. ఊరుకుంటే ఉద్యోగం నిలిచేది. చర్చ అయిపోగానే అమ్మాయే ఎడిటరు దగ్గరకు వెళ్లి, తానేమన్నదో చెప్పి వచ్చింది.

"ఎందుకే?" అని అడిగితే, "మీరంతా చూశారు కదా. మీకో మాట, ఆయనకో మాటా నాన్నా?" అంది.

మర్నాటినుంచి తెర మూలన డబ్బా లేదు. అక్కడ సిమెంటు ప్రకటన వచ్చింది. కోటుగుండీ నోరు ఆడుతూనే ఉంది, మేం టీవీ కట్టేశాం. నాకు దుఃఖం రాలేదంటే అబద్ధం. అయినా అలవాటు కొద్దీ అందరూ వచ్చి కూర్చున్నారు.

అప్పుడు నర్సమ్మ వచ్చింది, మా అమ్మాయే వెంటబెట్టుకొచ్చింది. చెయ్యిలేని సోఫాలో ఆమెను కూర్చోబెట్టాం. టైలరు, మందుల షాపావిడ గుమ్మంలో నిలబడ్డారు. అమ్మాయి పక్కన నిలబడి, ఆమె చెబుతున్నదంతా చేతులతో మాకు చెప్పింది. గుండీ లేదు, పిడికిళ్లు లేవు. గాలిలో పాత ఆస్పత్రి లేచింది, అందులోంచి మంచాలు ఒక్కొక్కటీ బయటికి పోయాయి.

మా భాషలో ఒక సుగుణముంది. ఉన్నదాన్ని తీసేస్తే ఆ చోటు అలాగే గాలిలో ఉండిపోతుంది, అందరికీ కనపడుతుంది. ఆ ఖాళీ వైపే చూస్తూ నేను చెయ్యెత్తి అడిగాను. అమ్మాయి నా ప్రశ్నను గొంతెత్తి వాళ్లకు వినిపించింది.

"ఇంత తొందరగా ఖాళీ చేయిస్తున్నారు కదా, నడిబజారులో ఉన్న ఈ చోటులోకి ఎవరొస్తున్నారు?"

అన్ని రోజుల చర్చలో ఆ ప్రశ్న రాలేదు. టైలరు, మందుల షాపావిడ, నర్సమ్మ, ముగ్గురూ మెచ్చుకోలుగా మా అమ్మాయినే చూస్తున్నారు. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. వాళ్లతో నోటితో అంటూనే, నాకోసం చేతులతోనూ అంది:

"నన్ను కాదు, మా నాన్నను చూడండి. అడిగింది ఆయన."

ముగ్గురూ నావైపు తిరిగారు. నర్సమ్మ నా కళ్లలోకి చూస్తూ జవాబు మొదలుపెట్టింది.