పదకొండో దిక్కు

ఉరవకొండ దగ్గరి ఆ పల్లెకు నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజు నాగలక్ష్మమ్మ బిందెలన్నీ నింపుకుని, పెద్ద కుండను మాత్రం తీసుకెళ్లి పదకొండో దిక్కులో పెడుతుంది. లోకానికి ఎనిమిది దిక్కులు, పైనొకటి, కిందొకటి. ఆ ఇంటికి ఇంకొకటి ఎక్కువ. వంటింట్లో నిలబడి రెండు చుట్లు తిరిగి చెయ్యి చాపితే అందుతుంది. అక్కడ నీళ్లు నడి ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి, విత్తనానికి దాచిన చెనిక్కాయలకు పురుగు పట్టదు. ఒక్క చుట్టే తిరిగితే మాత్రం చేతికి గోడ తగులుతుంది. కొత్తవాళ్లందరూ వేళ్లు వాచేలా చేసే పొరపాటు అదే. ఇంటాయన కదిరప్ప అసలు తిరగడు. తిరిగితే తల తిరుగుతుందని నీళ్లు కూడా పెళ్లాన్నే అడుగుతాడు.

వాళ్ల కూతురు సునంద ఫిజిక్స్‌లో స్ట్రింగ్ థియరీ చేస్తుంది. ప్రపంచమంతా కంటికి ఆనని తీగలతో అయిందనీ, అవి కదలాలంటే మనకు కనిపించని దిక్కులు ఇంకా కావాలనీ చెప్పే శాస్త్రం అది. తన ఇంటి దిక్కు గురించి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. రోజూ నీళ్లు తాగే చోటు మీద ఎవరైనా పరిశోధన చేస్తారా?

చదువయ్యాక ఏ ఊళ్లోనూ నిలకడగా ఉద్యోగం దొరకలేదు. ఇప్పుడు బెంగళూరులో ఇంటర్వ్యూ. ఇదీ పోతే అనంతపురంలో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకోవాలి, ఏళ్ల తరబడి తెగని లెక్కను వదిలేయాలి. ఆ లెక్కంటే ఆమెకు ప్రాణం.

"కోచింగయితే తప్పేముండాది? ఈడే ఉంటావు గదమ్మా," అన్నాడు కదిరప్ప.

"నువ్వూరుకో. దాని పానమంతా ఆ లెక్క మీదుండాది," అని భర్తను కసిరి, నాగలక్ష్మమ్మ కూతుర్ని బస్సెక్కించింది.

ఇంటర్వ్యూలో ప్రతాప్ అనే పెద్ద ప్రొఫెసరు నెమ్మదిగానే అడిగాడు. "మీ లెక్కలో తీగ ఆ కనిపించని దిక్కును ఒక చుట్టు చుట్టి వచ్చేసరికి ప్లస్ కాస్తా మైనస్ అవుతోంది. సిద్ధాంతం అక్కడే కూలిపోయింది కదమ్మా?"

సునందకు దాహం వేసింది. ఎన్నేళ్లుగానో ఆమెను తినేస్తున్న ప్రశ్నే అది. ఇంట్లో ఉన్న అలవాటు కొద్దీ రెండు చుట్లు తిరిగి చెయ్యి చాపింది. కుండ తగిలింది. కుండ మీది చెంబు ముంచుకుని గటగటా తాగింది.

"చల్లగా ఉన్నట్టున్నాయి, మాకూ కాసిన్ని పోయండి," అని గ్లాసు ముందుకు జరిపాడు ప్రతాప్. "అన్నట్టు, రెండు చుట్లెందుకు?"

"ఒక చుట్టుకు గోడే సార్. రెండో చుట్టు తిరిగితేనే..."

మాట మధ్యలో ఆగిపోయింది. చెంబు చేతిలో ఉండగానే బోర్డు దగ్గరికి పోయింది. మైనస్ ఇంకో చుట్టు తిరిగితే మళ్లీ ప్లస్. తీగ రెండో చుట్టుకు గాని మూసుకోదు. ఇన్నాళ్లూ కొత్త చుట్టంలా ఒక్క చుట్టే తిరిగి గోడను గుద్దుకుంటోంది తను! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భోజనాల వేళ దాటేదాకా రాస్తూనే ఉంది. ఆ తర్వాత ప్రొఫెసర్లు ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టి, మళ్లీ లోపలికి పిలిచి చల్లని మాట చెప్పారు.

వరండాలోకి రాగానే ఫోను మోగింది.

"ఏమే, చెంబు కనపడల్యా. నువ్వేమన్నా తీసుకుంటివా?"

"నా చేతిలోనే ఉండాదమ్మా."

"బెంగళూరికి గూడా అందుతాదా! మేము ఇంట్లోనే అనుకుంటిమి. సరే, యాడిది ఆడ పెట్టు."

సునంద రెండు చుట్లు తిరిగి చెంబు అందించింది. అందుకున్నది అమ్మ చెయ్యి కాదు. నాగలి పట్టి కాయలు కాచిన చెయ్యి.

"పనిచ్చినారా?" తల తిరుగుతున్నట్టు నాయన గొంతు తడబడింది.

"ఇచ్చినారు నాయనా. ఇంక బెంగళూరే."

ఆ చెయ్యి చెంబును వదిలి ఆమె వేళ్లు పట్టుకుంది.

"అయితే ఈడున్నట్లే గదమ్మా," అన్నాడు కదిరప్ప.