నాలుగు సొరబుర్రలు

దుమ్ముగూడెం రేవుల ముప్పై ఏండ్లు పడవ నడిపిన జంపయ్యకు టీవీల పాత సినిమా చూస్తుంటే ఒళ్లు మండింది. అండ్ల హీరోయిన్ నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టుకొని, ప్రియుడి కోసం వరద నదిని ఈదుతోంది.

"ఉత్త అబద్ధం! గంత వరదల రెండు బుర్రలు ఆపుతయా? నడుమనే మునుగుతది!" అని అరిచిండు.

"అవ్, రెండు సాలవు. నాలుగు కావాలె," అన్నది చింతపండు గింజ తీస్తున్న భార్య ముత్తక్క.

"నీకెట్ల ఎరుక?"

"ఇంట్ల చెప్పకుంట నీకోసం వచ్చిననాడు గట్లనే గోదారి దాటిన."

జంపయ్య టీవీ బంద్ చేసిండు. ఆనాడు ఆమెను ఎవరో పడవ ఎక్కించుకున్నరనే ఇన్నేండ్లు అనుకున్నడు. ఒక్కనాడూ అడగలేదు.

"వరదలనా? ఎందుకే?"

ముత్తక్క చేతిల పని ఆపలేదు.

"పడవ తెస్తనన్నవ్ గద. పొద్దంతా చూసిన."