ఎర్రల షెడ్డు

తప్పులుంటే మన్నించండి. నలభై ఆరేళ్ళు దాటాక పలక పట్టిన చెయ్యి ఇది. ఒత్తులు ఇప్పటికీ తారుమారవుతాయి, ఒక పేజీ నిండేసరికి ఒక పూట గడిచిపోతుంది. 'నేను' అని మొదలుపెడితే కలం కదల్లేదు, అందుకని నా సంగతే అయినా సుగుణమ్మ అని రాసుకుంటూ పోయాను. జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను.

పొద్దున ఆరింటికల్లా సుగుణమ్మ చెయ్యి కుళ్ళిన టమాటాల బకెట్లో ఉండేది. కామారెడ్డిలో వాళ్ళ వార్డు ఇండ్లన్నిటి తడిచెత్తా బస్తీ చివరి రేకుల షెడ్డుకే వచ్చేది. అందులోంచి కవర్లు, బ్లేడు ముక్కలు, పసిపిల్లల డైపర్లు ఏరి పక్కన పడేయాలి. మిగిలినదాన్ని పేడనీళ్ళతో కలిపి పదిహేను రోజులు మగ్గబెట్టాలి. వేడి దిగిందో లేదో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసుకుని, అప్పుడు వానపాములున్న సిమెంటు తొట్లలో పల్చగా పరవాలి. వానపాముల్ని అక్కడ ఎర్రలంటారు. పైన తడి గోనెసంచి కప్పాలి. ఎనిమిది నెలలుగా ఆమె చేస్తున్న పని ఇది. దీనికి జీతం లేదు. సేవ అన్నారు.

ఇదంతా ఊరి గాలిని బాగుచెయ్యడానికి మొదలైంది. పట్టణం నుంచి పొగ, కార్బన్ తగ్గించాలని వార్డుకొక కమిటీ వేశారు. చెత్త కాల్చొద్దు, స్నానం నీళ్ళకు కట్టెలపొయ్యి ముట్టించొద్దు, తడిచెత్త డంపింగ్ యార్డుకు పోవద్దు. ఎక్కువ తూకం చెత్తను ఎరువు చేసిన వార్డుకు బహుమతి. వాళ్ళ వార్డు కమిటీ అధ్యక్షుడు సుగుణమ్మ మరిది మహేందర్. ఈ సంగతి చెప్పడానికి అతను బుల్లెట్ బండి మీద గల్లీ గల్లీ తిరిగాడు. బండి ఆపకుండానే, పొగ పెట్టొద్దని ఆడవాళ్ళకు చెప్పి పోయాడు.

పక్కింటి హమీదున్నీసా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ అంతా విన్నది. "సుగుణా, గా బండి పొగ ఎటు పోతదే? మన పొయ్యి పొగ ఒక్కటే మొగులుకు ఎక్కుతదా?" అంది.

"మన పొయ్యి మీద కాగిన నీళ్ళతోనే తానం చేసి వచ్చిండు ఆపా. గందుకే అంత శుభ్రంగ చెప్పిండు."

కట్టెలపొయ్యి ఆరిపోయాక గ్యాసు మీద గిన్నె తర్వాత గిన్నె నీళ్ళు కాచడానికి ఆడవాళ్ళు ఇంకో గంట ముందు లేవడం మొదలుపెట్టారు. వంటింట్లో ఒక్క చెత్తబకెట్టు ఉన్న చోట మూడయ్యాయి. "మూడు బకెట్లు పెట్టమని ఊరందరికి చెప్తడక్కా ఈయన. తను తిన్న పల్లెం మాత్రం తియ్యడు," అనేది తోడికోడలు త్రివేణి, మొగుడు ఇంట్లో లేనప్పుడు.

అయినా సుగుణమ్మకు ఆ షెడ్డు మీద మనసు పడింది. మున్సిపాలిటీ నుంచి వచ్చే శైలేందర్ సారు ఒకసారి తొట్టి గట్టు మీద కూచుని విడమరిచి చెప్పాడు. గుట్టగా పోసిన చెత్త లోపల ఊపిరాడక కుళ్ళితే ఒక గాలి పుడుతుందట, అది పైకి పోయి ఎండను ఇంకా ముదురు చేస్తుందట. అదే చెత్త వానపాము కడుపులోంచి వస్తే మన్ను అవుతుంది. ఆమె నమ్మింది. నమ్మడానికి పుస్తకం అక్కర్లేకపోయింది. చిన్నప్పుడు వైశాఖంలో కూడా బీడీలు చుట్టడానికి పొద్దున తడిపిన తునికాకు సాయంత్రం దాకా మెత్తగా ఉండేది. ఇప్పుడు ఫాల్గుణంలోనే పది గంటలకు ఒళ్ళో పెళపెళలాడుతోంది, చుడితే చిట్లుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఎవరితో చెప్పినా నవ్వుతారని చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె ఏరుతూనే ఉంది. బియ్యంలో రాళ్ళు, పప్పులో మట్టి, ఆకుల్లో చిల్లులు. వండింది పూటకు అయిపోతుంది, ఉతికింది మర్నాటికి మాస్తుంది, చుట్టిన బీడీ ఎవరి నోట్లోనో కాలిపోతుంది. ఇన్నేళ్ళలో ఆమె చేసిన పని ఏదీ తెల్లారేసరికి మిగల్లేదు. తొట్లో ఎరువు మాత్రం నిలిచేది. నిన్నటికంటే ఇవాళ ఒక వేలెడు ఎక్కువ ఉండేది. చేత్తో తీసి వాసన చూస్తే తొలకరి వాసన. ఇది నేను చేశాను అని ఆమె అనుకునేది, లోపల్లోపలే.

మొగుడు పోచయ్య పోయి ఆరేళ్ళయింది. బతికుండగా అతను ఏ కాగితం తెచ్చినా ఆమె తల పెట్టి చూడబోతే, "రాసినదాంతోని నీకేం పని, పొయ్యి చూడు పో," అనేవాడు. కోపంగా కూడా అనేవాడు కాదు. కుక్కను గడప దిగమన్నట్టు మామూలుగా అనేవాడు. అతను పోయిన ఏడాదే అంగన్‌వాడీ అరుగు మీద మహిళా సంఘం వాళ్ళు సాయంత్రం బడి పెట్టారు, ఆమె పోయి కూచుంది. మహేందర్ ఇంటి వెనక గది ఆమెది. పొద్దున షెడ్డు, తర్వాత ఆ ఇంటి వంట, మధ్యాహ్నం బీడీలు. వదినె సంతకం నేర్చుకుంటోందని మహేందర్‌కు తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

మార్చిలో తనిఖీ ఉంటుందనీ, అది అయ్యాక షెడ్డుకు ఒక మనిషిని జీతం మీద పెట్టుకుంటారనీ శైలేందర్ సారు చెప్పాడు. "మీ పేరే రాసి పంపిన అమ్మా. తనిఖీ మంచిగ జరిగితే చాలు." ఆ రోజు నుంచి సుగుణమ్మ నిద్ర లేవగానే జీతం అన్న మాటను ఒకసారి తలుచుకునేది. అది చేతికొస్తే వెనక గదికి తన కరెంటు మీటరు, తన పొయ్యి, తన తలుపుకు తన గొళ్ళెం.

తనిఖీకి పది రోజులుందనగా ఆటోలో పన్నెండు సంచులు వచ్చాయి. మహేందర్ బీడీ కార్ఖానా ఏజెంటు. ఆడవాళ్ళు చుట్టి తెచ్చిన బీడీలు ఏరి తీసుకునే చోట రోజూ ఊడ్చిన చెత్త అది. ఆకు ముక్కలు, నలిగిన బీడీలు, పొగాకు పొడి. ఇదివరకు వెనకాల పోసి కాల్చేవారు. ఇప్పుడు కాల్చకూడదు గనక సంచులు పేరుకుపోయాయి.

"వదినె, ఇవి తొట్లల్ల పొయ్యి. తూకం మస్తు వస్తది," అన్నాడు మహేందర్.

ఆమె ఒక సంచి మూతి విప్పింది, ఘాటుకు మూడు తుమ్ములు వచ్చాయి. "దీంట్ల తంబాకు పొడి ఉన్నది. ఎర్రలు సస్తయి."

"ఎర్రలు బీడీ తాగుతయా ఏంది? ఆకు ఆకే గదా."

"మా అవ్వ వంకాయ చెట్లకు పురుగు వడితె తంబాకు కాడలు ఉడకబెట్టి గా నీళ్ళే చల్లేది. ఒక్క పురుగు మిగలకపోయేది."

"గది పురుగు, గిది ఎర్ర. నీకు సంతకం ఒచ్చింది గని సైన్సు రాలే వదినె. పక్క వార్డోడు మనకన్న రెండు క్వింటాళ్ళు ముంగటున్నడు, తెలుసా?"

"నేనైతే పొయ్య."

అతను నవ్వాడు. ఆమె ఇంటికి వెళ్ళి కందిపప్పు పొయ్యి మీద పెట్టి, రొట్టెలు చేసి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమి తిరిగొచ్చేసరికి సంచులు ఖాళీగా మడతపెట్టి ఉన్నాయి. నాలుగు తొట్లలో మూడింటి మీద గోధుమరంగు పొర. మహేందర్ పంపిన హమాలీలు పోసి, మీద నీళ్ళు కూడా చల్లి పోయారు. ఆ నీళ్ళే చేటు చేశాయి, తంబాకు రసమంతా కిందికి దిగింది.

మర్నాటికే వానపాములు పైకి వచ్చాయి. వెలుగంటే దాక్కునే జీవాలు పట్టపగలు గోడల మీదికి పాకాయి. సిమెంటు గట్టు మీద మెలికలు తిరిగి, అక్కడే బిర్రబిగిసి ఆగిపోయాయి. సుగుణమ్మ కూచుని రెండు చేతులా మన్ను తీసింది. పాత పేడ బకెట్లో వేసి, కదిలేవాటిని ఒకటొకటిగా ఏరి అందులోకి దింపింది. హమీదున్నీసా చాట పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూచుంది. ఇద్దరూ సాయంత్రం దాకా ఏరారు. పొడి పడని నాలుగో తొట్టి ఒక్కటి బతికింది. తక్కినవాటిలోంచి బకెట్టు సగమన్నా నిండలేదు.

రెండు రోజుల తర్వాత కమిటీ వాళ్ళు మహేందర్ ఇంటి ముందు గదిలో కూచున్నారు. నలుగురు మగవాళ్ళు. చాయ్ పళ్ళెం పట్టుకుని వచ్చిన సుగుణమ్మ ముందుకు అతను రిజిస్టరు జరిపాడు.

"ఇక్కడొక సంతకం పెట్టు వదినె. ఊరికెనే, కాయితానికి కావాలె."

ఆమె పళ్ళెం కింద పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని వరస కింద వేలు పెట్టింది. పెదవులు కదిలితే గానీ ఆమెకు చదవడం రాదు, అందుకని పైకే చదివింది. "షెడ్డు... నిర్వహించే... సుగుణమ్మ... నీళ్ళు పోయడంలో... నిర్లక్ష్యం చేసినందున... వానపాములు... చనిపోయినవి."

వేలు అక్కడే ఉంచి తలెత్తింది.

"చదువొస్తదా ఈమెకు?" అన్నాడు కమిటీలో ఒకాయన, మహేందర్‌ను చూస్తూ, ఆమెను కాదు.

"మెల్లగ ఒస్తది," అంది సుగుణమ్మ. "నేను నీళ్ళు పొయ్యలేదని ఎట్ల రాస్తవు మహేందర్? రెండు పూటల పోసిన గదా."

మహేందర్ గొంతు తగ్గించాడు. "నీకేమైతది వదినె? నీ పేరు ఎవ్వలు చూస్తరు? నా పేరు పోతె ఇంటి పేరు పోతది. జర సమజ్ చేసుకో."

నీ పేరు ఎవ్వలు చూస్తరు. ఆ మాటలో అబద్ధం లేదు. రేషన్ కార్డులో ఫలానా అతని భార్య, బీడీ కార్డులో ఫలానా అతని భార్య, ఇంట్లో వదినె, గల్లీలో మహేందర్ వాళ్ళ వదినె. ఎనిమిది నెలల తూకాలన్నీ కమిటీ పేరు మీద పోయాయి, ఫోటోల్లో ఆమె చెయ్యి ఒకటి ఒక మూలన పడింది. రిజిస్టరులో ఆమె పేరు మొదటిసారి రాసింది వానపాములు చచ్చాకే. దీని మీద సంతకం పెడితే మార్చి తర్వాత జీతం లేదు, గొళ్ళెం లేదు. పెట్టకపోతే ఈ ఇంట్లో అన్నం ఎట్లా మింగుడు పడుతుందో ఆమెకు తెలుసు. అన్నం మాత్రం ఆమే వండాలి, అది వేరే సంగతి.

ఆమె కలం తీసుకుంది. సంతకం పెడుతుందనుకుని మహేందర్ వెనక్కి ఆనుకున్నాడు. ఆమె సంతకం చోటు వదిలేసి కింద ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. నలుగురు మగవాళ్ళు చల్లారిపోతున్న చాయ్ ముందు కూచుని, ఒక ఆడమనిషి రాసేది అయ్యేదాకా ఎదురుచూశారు.

'తంబాకు పొడి పోయవద్దు అని చెప్పినాను. నేను వంటకు ఇంటికి పోయినప్పుడు పోసినారు. నీళ్ళు రోజు పోసినాను. సుగుణమ్మ.'

తనిఖీ రోజు శైలేందర్ సారు పైరాతా చదివాడు, కిందిరాతా చదివాడు. తాపీ తీసుకుని తొట్లో లోతుగా తవ్వి, పిడికెడు మన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తంబాకు ఘాటు తగిలి, చెయ్యి కడుక్కున్నాడు. బహుమతి వేరే వార్డుకు పోయింది. షెడ్డుకు మాట వినే మనిషి కావాలని కమిటీ కాగితం రాసి ఇచ్చింది. కమిటీ ఒప్పుకోకపోతే ఆమెను పెట్టుకోవడం తన చేతిలో లేదని సారు నేల చూస్తూ చెప్పాడు. తర్వాత తలెత్తి, "ఎల్లారెడ్డిల కొత్తగ షెడ్డు కడ్తున్నరు. తొట్లున్నయి, ఎర్రలు లేవు, పని తెలిసిన మనిషి లేరు. జీతం మొదటి నెల నుంచే. దరఖాస్తు మీరే రాయాలె అమ్మా," అన్నాడు.

రాసింది. దానికి ఒక పూట పట్టింది.

"ఈ వయసుల పరాయి ఊరు పోయి చెత్త ఏరుతవా? నలుగురు ఏమంటరు?" అన్నాడు మహేందర్, అన్నం ముందు కూచుని.

"ఇక్కడ ఏరింది బంగారమా?" అంటూ ఆమె పప్పు వడ్డించింది.

త్రివేణి వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరకేసింది. "పో అక్కా. రేపటి నుంచి ఏరుడు నాకు పడతది, తెలుసు. ఇగ ఎవ్వల మీద రాస్తడో నేను గూడ చూస్త," అని, ఏరి బతికించిన ఎర్రల కోసం పాత పెయింటు బకెట్టు కడిగి, మూతకు మేకుతో చిల్లులు పొడిచి ఇచ్చింది.

బస్సులో జనం బాగా ఉన్నారు. సుగుణమ్మ బట్టల సంచి పైన పెట్టి, బకెట్టు మాత్రం కాళ్ళ మధ్య పెట్టుకుంది. ఆధార్ చూసి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టిన కండక్టర్, మూత చిల్లుల్లోంచి మట్టి వాసన వస్తుంటే వంగి చూశాడు.

"ఏందవ్వా దాంట్ల?"

"ఎర్రలు బిడ్డా. ఎల్లారెడ్డి షెడ్డుకు."

"నీకంటె జీరో టికెట్. వీటిల్ల మొగయి ఉంటె టికెట్ కొట్టాలె మరి," అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు.

సుగుణమ్మ కూడా నవ్వింది. కాళ్ళతో బకెట్టును ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది.

"వీటిల్ల ఆడ, మొగ అని ఉండవు బిడ్డా. అందుకే అన్నీ పని చేస్తయి."

సుగుణమ్మ, యాభై రెండేళ్ళు. ఇప్పుడు ఉండేది ఎల్లారెడ్డిలో, ఒక గదిలో, ఒక్కదాన్నే.