పిలుపుకు పోయే మనిషి

"రేపు కంపెనీవాళ్ళు వస్తాండారు. నాటుకోడి చేస్తావా, మటనా?" అని మొగుడు రాజశేఖర్ అడిగేటప్పటికి శ్రీవాణి ఇడ్లీ పిండి కలుపుతోంది. ఏ కూర చేస్తావని అడిగాడే తప్ప, చేస్తావా లేదా అని అడగలేదు. అట్లా అడగాలన్న ఆలోచన ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ రాలేదు. రేపు ఆమెకు నంద్యాల కాలేజీలో ఎంబీఏ ఆఖరి వైవా. తను రాసిన ప్రాజెక్టు మీద ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. గోడ మీది క్యాలెండర్లో ఆ తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి నెల దాటింది. రాజశేఖర్ రోజూ ఆ క్యాలెండర్ పక్కనే నిలబడి తల దువ్వుకుంటాడు. తలైతే నున్నగా కుదురుతుంది, తారీఖు మాత్రం కంటికి ఆనలేదు.

"రేపు నాకు వైవా ఉంది" అంది.

"అదా? మీ మేడంకు ఫోన్ చేసి ఎల్లుండి పెట్టమను" అన్నాడు, పాలవాడికి చెప్పినంత తేలిగ్గా. ఇది మామూలు రాక కాదనీ, ఈ ఏడు చాగలమర్రి వైపు ఊళ్ళు కూడా తమకే ఇచ్చే ఆలోచనలో కంపెనీ ఉందనీ, వచ్చినవాళ్ళు కడుపునిండా తిని లేస్తే పని అయిపోయినట్టేననీ చెప్పుకొచ్చాడు. శ్రీవాణికి ఒళ్ళు మండింది. ఆ ఊళ్ళు కావాలని కంపెనీకి పంపిన ప్లాను రాసింది తనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసే, తనను కోడికూర దగ్గర నిలబెడుతున్నాడు.

ఆ ఇంటి వ్యాపారం పత్తి విత్తనం. రాజశేఖర్ ఆర్గనైజరు, అంటే కంపెనీకీ రైతులకీ మధ్య మనిషి. రైతుల చేత హైబ్రిడ్ విత్తనం పండించి కంపెనీకి అప్పజెప్పాలి. ఆ విత్తనం దానంతటది రాదు. పూత మొదలైతే రోజూ సాయంత్రం ఆడవాళ్ళు సాళ్ళ వెంట నడుస్తూ, తెల్లారితే విచ్చుకునే మొగ్గల్ని ఒక్కొక్కటే గోటితో గిల్లి, లోపలి పుప్పొడి భాగం తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తగిలించి పోవాలి. పొద్దున్నే మళ్ళీ వచ్చి, ఇంకో రకం చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక పూట తప్పితే ఆ మొగ్గ విత్తనానికి పనికిరాదు. దీన్ని క్రాసింగ్ అంటారు. మగవాళ్ళ వేళ్ళకు ఈ పని కుదరదని కూడా అంటారు. కుదురుతుందేమో చూద్దామని చేలోకి దిగిన మగవాణ్ణి మాత్రం శ్రీవాణి ఇంతవరకూ చూడలేదు.

కూలి ఎక్కువిస్తే ఆడవాళ్ళు వస్తారనుకుంటే పొరపాటు. పూత రాకముందే ఆర్గనైజరు ఇంటి ఆడమనిషి స్వయంగా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పెళ్ళికి పిలిచినట్టు పిలవాలి. బొట్టు పెట్టుకునేవాళ్ళకు బొట్టు పెట్టి, పెట్టుకోనివాళ్ళకు పూలు చేతికిచ్చి, మా చేలోకి రండి అని నోరారా అనాలి. పిలుపు లేని చేలోకి వాళ్ళు దిగరు. అత్త సరోజమ్మ తన కాలంలో వాకిట్లోనే నిలబడి పిలిచి వచ్చేసేది. శ్రీవాణి కాపురానికి వచ్చిన ఏడే చర్చి వెనక ఉన్న జీవమ్మ ఇంట్లోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగింది. జీవమ్మ క్రాసింగ్ ఆడవాళ్ళందరికీ మేస్త్రీ. ఆ టీ కబురు శ్రీవాణి కంటే ముందే ఇల్లు చేరింది. "మనింట్లో టీపొడి అయిపోయినాదా, ఆడికి పోయి తాగొచ్చినావు?" అని సరోజమ్మ చాలా రోజులు మొహం తిప్పుకుని తిరిగింది. మరుసటి ఏడు కూడా శ్రీవాణి అక్కడ టీ తాగింది. అప్పటినుంచి జీవమ్మ మనుషులు ఇంకో ఆర్గనైజరు చేలో కాలు పెట్టలేదు.

కిందటేడు సరిగ్గా పిలుపు వేళకు ఆమెకు పరీక్షలొచ్చాయి. ఇంటింటికీ తిరిగే కాలం పోయిందని రాజశేఖర్ తేల్చేసి, ఆటో డ్రైవరు చేత కబురంపాడు. జీవమ్మకు వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టాడు. ఒక్కరూ రాలేదు. మొగ్గలు వాటంతటవి పూలై పాడవుతుంటే గట్టు మీద నిలబడి ఫోన్లో అందరి మీదా అరిచాడు. చివరికి శ్రీవాణి పరీక్ష రాసి, నంద్యాల బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా నేరుగా జీవమ్మ ఇంటికి వెళ్ళింది. "మేము నీ మొగుని మనుషులం కాదు వాణమ్మా, నువ్వు పిలిస్తే వచ్చేటోళ్ళం" అని జీవమ్మ నవ్వింది. మర్నాడు సాయంత్రానికి చేను నిండా ఆడవాళ్ళే. భోజనాల దగ్గర రాజశేఖర్ తండ్రితో, ఎట్లనో మేనేజ్ చేసినా నాయనా అన్నాడు. శేషయ్య కొడుకు తెలివికి మురిసిపోయి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. శ్రీవాణి వాళ్ళిద్దరికీ మజ్జిగ పోసింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే స్ట్రాటజీ క్లాసులో ప్రమీల మేడం ఒక మాట చెప్పింది. పక్కవాడు ఎంత డబ్బు పోసినా కొనుక్కోలేనిది, చూసి నేర్చుకోలేనిది మీ వ్యాపారంలో ఏముందో వెతకండి, అది ఎవరి చేతిలో ఉందో చూడండి, వ్యాపారం నడిపేది వాళ్ళే అంది. కుర్రవాళ్ళు పెద్ద పెద్ద కంపెనీల పేర్లు చెబుతున్నారు. శ్రీవాణి తన ఇంటి వ్యాపారాన్ని మనసులో తిరగేసింది. గోడౌనా, అది ఊళ్ళో ఇంకో నలుగురికి ఉంది. రైతులా, నాలుగు రూపాయలు ఎక్కువిస్తే అటు పోతారు. రాజశేఖర్ తెలివా, దాని సంగతి మొన్ననే చూసింది. ఇక మిగిలింది పిలుపు. ఆ సాయంత్రం బస్సులో శిరివెళ్ల దగ్గర సీటు ఖాళీ అయినా కూర్చోవాలని తోచలేదు. ఇన్నేళ్ళుగా తను చేస్తున్నది పని అని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు, చివరికి తను కూడా అనుకోలేదు. పిల్ల బడికి పోయాక ఊరికే కూచున్నావు గదా, చదువుకోపో అని మామ అన్నప్పుడు, అవును, ఊరికే ఉన్నానని తనూ నమ్మింది. అది తలుచుకుంటే ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

ప్రాజెక్టు సొంత ఇంటి వ్యాపారం మీదే రాసింది. ప్రింటు చూసి రాజశేఖర్ ముచ్చటపడి, కంపెనీకి అచ్చం ఇట్లాంటిదే కావాలని, మొదటి పేజీలో ఆమె పేరు తీసి తన పేరు పెట్టుకుని పంపేశాడు. పంపేముందు ఒక అధ్యాయం తీసేశాడు. అది పిలుపు గురించిన అధ్యాయం. "బొట్లు, పూలు, టీలు! చదివితే నవ్వుతారు. ఆడోళ్ళ యవ్వారం ప్లానులో యాడన్నా ఉంటాదా?" అన్నాడు. పేరు పోయినందుకు కంటే ఆ మాటకే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగింది.

ఇప్పుడు పిండి మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, "నేను రేపు నంద్యాల పోతాండా. హోటల్ నుంచి తెప్పించుకోండి" అంది.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. వచ్చినవాళ్ళకు హోటల్ కూడు పెడితే ఈ ఇంటి పరువేం కావాలని శేషయ్య అడిగాడు. డిగ్రీ తెచ్చి ఏ గోడకు తగిలిస్తావని రాజశేఖర్ అడిగాడు. అందరికంటే గట్టిగా సరోజమ్మ లేచింది. "నేను చేయలేదా? ఊరూరు తిరిగి పిలిచినా, వచ్చినోళ్ళకంతా వండి పోసినా. నన్నెవరన్నా పిలిచి కుర్చీ ఏసి కూచోబెట్టినారా? మరి నీకేల?" అంది. కోడలి నోరు మూయించడానికే అంది గానీ, ఆ మాట తనకే తగిలింది.

"ఎయ్యాల్సింది అత్తా. నీకూ ఎయ్యాల్సింది" అంది శ్రీవాణి. సరోజమ్మ చింతపండు నానబెట్టడానికి వెళ్ళిపోయింది.

తెల్లారి బస్టాండుకు పోయే దారిలో శ్రీవాణి చర్చి వెనక్కి తిరిగింది. ఈసారి పిలవడానికి కాదు, అడగడానికి. "జీవక్కా, నేనే ఆర్గనైజరైతే నువ్వు నాతో కలిసి చేస్తావా? కూలికి కాదు, భాగానికి" అంది. జీవమ్మ నవ్వలేదు. స్టవ్ ఆపి వచ్చి ఎదురుగా కూర్చుని, నా పేరు కాయితంలో ఎక్కుతాదా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఎక్కుతుందని శ్రీవాణి మాటిచ్చింది. "అట్లయితే పో, పరీక్ష బాగా చెప్పిరాపో" అని జీవమ్మ గుమ్మం దాకా వచ్చి పంపింది.

కాలేజీ వరండాలో తన వంతు కోసం ఎదురుచూస్తుంటే రాజశేఖర్ ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. కంపెనీ మేనేజరు వెంకటేశ్వర్లు సార్ ఒక్కటే మాట పట్టుకున్నాడట. ఇన్ని ఊళ్ళకు క్రాసింగ్ ఆడవాళ్ళను ఎట్లా తెస్తారు, కిందటేడు మీ చేలోనే మొగ్గలు పోయాయంట గదా, ప్లానులో దాని మాటే లేదేమని అడుగుతున్నాడట. "ఆ తీసేసిన కాయితాలు ఫోన్లో పంపు, బిరీన" అన్నాడు.

"కాగితాలు పంపుతా సరే. పిలుపుకు ఎవరు పోతారు?"

"నువ్వే గదా. నువ్వు యాడికి పోతావు?"

అందులో వెటకారం లేదు, బెదిరింపూ లేదు. ఇంటి ముందు బోరింగు యాడికి పోతుంది అన్నట్టు నిజంగానే నమ్మి అన్నాడు. శ్రీవాణికి గుండెల్లో ఇన్నాళ్ళూ ఉన్న బెదురు ఆ మాటతో పూర్తిగా పోయింది.

"ఫోన్ ఆయనకియ్యండి" అంది. ఎందుకన్నాడు. ఇయ్యండి అంది మళ్ళీ. పక్కనుంచి, ఎవరండీ అది, ఇలా ఇవ్వండి అని మేనేజరు గొంతే వినిపించింది.

"సార్, నేను శ్రీవాణి. మీ చేతిలో ఉండే ప్లాను నేను రాసింది. మీరడుగుతాండే అధ్యాయం దాంట్లోంచి తీసేసినారు, నా దగ్గరుంది. ఆ ఆడోళ్ళు వచ్చేది నా పిలుపుకు. ఈ ఏడు నేను పిలిచేది నా పేరుండే చేలకే. ఒప్పందంలో నా పేరు, జీవమ్మ పేరు రాసుకుంటామంటే కూచొని మాట్లాడదాం. లేకుంటే మీ మొగ్గలు మీరే గిల్లుకోండి."

వైవా గది తలుపు తెరిచి ఎవరో ఆమె పేరు పిలిచారు.

"అది సరేనమ్మా" అన్నాడు మేనేజరు, గొంతు సవరించుకుని. "మరి దీనికి మీ ఆయన ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటే ఆయనకు కూడా పనిస్తాం సార్" అని ఫోన్ ఆపేసి, శ్రీవాణి లోపలికి వెళ్ళింది.